సుంకలమ్మ ఫైల్లో ఒక్క మాట

సుంకలమ్మ గురించి చెప్పే అర్హత నాకు లేదు. నేను కాక ఇంకెవరూ చెప్పరు కనుక సిగ్గు విడిచి చెబుతున్నాను.

బళ్ళారి కౌల్ బజార్‌లో మా సేవాసంఘం ఆఫీసు. ఆసుపత్రిలో దిక్కులేని రోగుల పక్కన కూర్చునే వాలంటీర్లను పంపడం మా పని. వాళ్ళ ఫైళ్ళు, ఫిర్యాదులు చూసేవాణ్ణి నేను. సంఘం పెట్టింది తెలుగువాళ్ళు, అందుకే రాతకోతలన్నీ తెలుగులోనే. సుంకలమ్మకు చదువు రాదు. పన్నెండేళ్ళుగా ఎవరెవరికో గంజి తాగించింది, దుప్పట్లు మార్చింది, పోయే ప్రాణాల చెయ్యి పట్టుకుంది. ఆ పనంటే ఆమెకు ప్రాణం. పండగపూటైనా మానమంటే నన్నే కసిరేది.

ఒకరోజు ఫిర్యాదు చెప్పడానికి వచ్చింది. మా సెక్రటరీ సుబ్బరామి ఆమెను తన ఇంటి పనికి వాడుకుంటున్నాడు.

"రోగుల కాడ కూర్చునేదానికి వస్తాండా కోదండప్పా, ఆయప్ప ఇంట్లో కసువు ఊడ్చేదానికి కాదు. ఇంక సాకు. రాసుకో."

సాకు అంటే కన్నడంలో చాలు అని. ఇక్కడ మేం తెలుగు మాట్లాడుతూనే ఆ మాట వాడేస్తాం. నేను అన్నం తినే తొందరలో ఉన్నాను. సుబ్బరామి పేరు కాగితం మీద పెట్టాలంటే భయం కూడా. తర్వాత వివరంగా రాద్దాంలే అని ‘సాకు’ అని ఒక్క ముక్క గీకి, కింద వేలిముద్ర వేయించుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ రాయలేదు. బద్ధకానికి భయం తోడైతే పని సాగుతుందా?

ఆమె సుబ్బరామి ఇంటికి పోవడం మానేసింది. రెండు నెలలకు మీటింగులో అతను, "చెప్పిన పని చేయదు, తీసేద్దాం" అన్నాడు. కొత్త అధ్యక్షురాలు హిమజ మేడం గుంటూరు నుంచి వచ్చినావిడ, కన్నడం రాదు. ఫైలు తెరిచి చదివింది.

"సాకు. అంటే పనికి సాకులు చెబుతుందనేగా, కోదండరామి గారూ?"

కాదు, అది కన్నడం మాట అంటే సరిపోయేది. కానీ సుంకలమ్మ దేనికి ‘చాలు’ అన్నదని మేడం అడుగుతుంది కదా. సుబ్బరామి నన్నే చూస్తున్నాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, "అవును మేడం" అన్నాను. సుంకలమ్మ పేరు కొట్టేసింది కూడా నా చేత్తోనే.

మర్నాడు సుంకలమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"నేను చెప్పిందంతా రాసినావా అప్పా?"

"రాసినా" అన్నాను.



"నువ్వు అంతా రాసి, పెద్దోళ్ళు అంతా చదివి తీసేసినారంటే నాదే ఏదో తప్పుండాదిలే. ఏడో మంచం ముసలాయన కాడికి ఎవుర్నన్నా పంపు. చెయ్యి పట్టుకోకుంటే నిద్రపోడు."

తల కొట్టేసినట్లయింది నాకు. అప్పుడైనా నిజం చెప్పలేదు. పంపిస్తాలే అన్నాను.