క్లచ్ ఎవరు కాల్చారు

హార్బరు దగ్గర క్రేన్లు బాగుచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో నాది మెయింటెనెన్స్ ఉద్యోగం. ఏ క్రేన్ ఆగినా వెళ్ళి చూసి, ఎందుకు ఆగిందో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితంలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. దాన్ని నింపడంలో మా వాళ్ళందరికీ ఒక ఒడుపు ఉంది. కారణం సరిగ్గా తేలకపోయినా, తేలిన కారణం మా మెడకే చుట్టుకునేలా ఉన్నా, 'ఆపరేటర్ తప్పిదం' అని రాసేస్తాం. ఆపరేటర్ ఎక్కడో పైన క్యాబిన్లో ఉంటాడు. మేం రాసింది అతను చదవడు. ఇన్నేళ్ళలో అది అన్యాయమని మాలో ఒక్కరం కూడా అనుకోలేదు. టీ తాగినంత మామూలుగా రాసేవాళ్ళం.

మా ఆవిడ దువ్వాడలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. గాజువాకలో మా ఇంటి నుంచి అక్కడికి రెండు ఆటోలు మారాలి. నేను కంపెనీ బస్సులో వెళ్ళేవాణ్ణి కాబట్టి మా పాత కారు వారంలో ఆరు రోజులు ఇంటి ముందు దుమ్ము తాగుతూ ఉండేది. నలభై నాలుగేళ్ళ వయసులో, ఎవరినీ అడక్కుండా, మా పేటలోని డ్రైవింగ్ స్కూల్లో చేరి తను లైసెన్సు తెచ్చుకుంది. మొదటిసారి ఒంటరిగా కాలేజీకి నడుపుకుంటూ వెళ్ళిన రోజు అక్కడి నుంచే ఫోన్ చేసి, "వచ్చేశానండి, చెట్టు కింద పెట్టాను," అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. సంతోషించాల్సింది పోయి నాకు కొంచెం ఉక్రోషంగా అనిపించింది. ఇప్పుడైనా ఒప్పుకోవాలి.

డ్రైవింగ్ స్కూలు వాళ్ళు ఎత్తు మీద బండి ఆగితే హ్యాండ్‌బ్రేక్ వేయమని నేర్పారు. తను అలాగే చేసేది. కర్ర్‌మని లాగి, గేరు వేసి, మెల్లగా వదిలేది. నాకు నవ్వొచ్చేది. "లారీ చక్రం కింద క్లీనరు రాయి పెట్టినట్టుంది నీ పద్ధతి," అనేవాణ్ణి. నా పద్ధతి వేరు. ఆదివారాలు సరుకుల కోసం పూర్ణా మార్కెట్టుకి వెళ్ళేటప్పుడు పోర్టు వైపు ఫ్లైఓవర్ మీద బొగ్గు లారీలు చీమల బారులా నిలబడిపోతాయి. వాటి వెనక, ఏ బ్రేకూ తొక్కకుండా, క్లచ్ సగం వదిలి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, బండిని ఉయ్యాల ఊపినట్టు అక్కడే నిలబెట్టేవాణ్ణి. దాన్ని నైపుణ్యం అనుకునేవాణ్ణి. ఇక రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కూడా నా ఎడమ కాలు క్లచ్ పెడల్ మీదే విశ్రాంతి తీసుకునేది.

క్లచ్ ప్లేటంటే ఇంజను తిరుగుడును చక్రాలకు అందించే బిళ్ళ. పెడల్ సగం నొక్కి ఉంచితే అది పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు, రాసుకుంటూ వేడెక్కి అరిగిపోతుంది. ఇది నాకు తెలియక కాదు. క్రేన్ల దగ్గర ఇదే సంగతి కొత్తవాళ్ళకు పాఠంలా చెప్పేవాణ్ణి.

తను నడపడం మొదలుపెట్టిన నాలుగో నెలలో ఒక సాయంత్రం, "ఇంజను అరుస్తోంది గాని బండి అంత జోరుగా కదలట్లేదండి. క్లచ్ పెడల్ కూడా బాగా పైకి వచ్చాకే అందుకుంటోంది," అంది. రోగలక్షణం అంతకంటే స్పష్టంగా ఏ మెకానిక్కూ చెప్పలేడు. నేను టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాను. తను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఆదివారమే ఫ్లైఓవర్ ఎత్తు మీద బండి మొరాయించింది. నడుపుతున్నది తను. ఇంజను గోల పెడుతోంది, బండి అంగుళం కదలడం లేదు, కాలిన వాసన లోపలికి కొట్టింది. వెనక లారీల హారన్లు. నేను అరిచాను. ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది గాని ఇక్కడ రాయలేను. తనను దింపి, అన్ని లారీల ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి నా సీట్లో కూర్చోమన్నాను. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, తల వంచుకుని వచ్చి కూర్చుంది. నేను స్టీరింగ్ పట్టుకున్నాక కూడా బండి కదల్లేదు. చివరికి తాడు కట్టి లాక్కెళ్ళారు.

మెకానిక్ ఇక్కడివాడే, నా వయసువాడు. బండి చల్లబడ్డాక నన్నే స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాడు.

"హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగండి సార్. నాలుగో గేరెయ్యండి. ఇప్పుడు కాస్త రేస్ ఇచ్చి క్లచ్ మెల్లిగా వొదిలీయండి. ఇంజను టక్కున ఆగిపోవాల."

ఆగలేదు. హాయిగా తిరుగుతూనే ఉంది.

"ప్లేటు జారిపోతంది. అయిపోనాది సార్," అన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "బండి ఎవులు నడుపుతారు?" అని అడిగాడు.

కారణం గడి. చెయ్యి దానంతటదే రాసేసినట్టు నోరు దానంతటదే అనేసింది. "మా ఆవిడ. కొత్తగా నేర్చుకుంది."

తను నా పక్కనే నిలబడి ఉంది. మెకానిక్ మర్యాదస్తుడు. "కొత్తలో అందరికీ అంతేనమ్మా. క్లచ్ మీద కాలెట్టి ఉంచకండి," అని మెత్తగా చెప్పాడు. తను తల ఊపింది. పాఠం విన్న పిల్లలా ఊపింది.

ఎనిమిదేళ్ళు నేను తొక్కిన క్లచ్‌ని నాలుగు నెలలు నడిపిన మనిషి అరగదీసిందంటే ఎవరైనా నమ్ముతారా? నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది. కొత్త ప్లేటుతో బండి ఇంటికి వచ్చాక తాళం తన ముందు పెడితే, "వద్దులెండి, మళ్ళీ పాడుచేస్తాను," అంది. నేను రెండోసారి అడగలేదు. పైగా చుట్టాల ఇళ్ళలో దాన్నో కథ చేసుకున్నాను. "వంట మాడిస్తే గిన్నె పోయేది, డ్రైవింగ్ మాడిస్తే క్లచ్ పోయింది," అంటే అందరూ నవ్వేవారు. తనూ నవ్వేది, కొంగు సర్దుకుంటూ.

మళ్ళీ రెండు ఆటోలు. వానల్లో తడిసి వచ్చేది. నేను కంపెనీ బస్సు మానేసి కారులోనే డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఏడాదిన్నర గడిచింది.

పోయిన నెల, అదే ఫ్లైఓవర్ మీద, నేనొక్కణ్ణే ఉండగా, ఇంజను అరిచింది, బండి కదల్లేదు. అదే వాసన.

ఆ ఏడాదిన్నరలో తను ఒక్కసారి కూడా స్టీరింగ్ ముట్టుకోలేదు. ఇక పరీక్షతో పనేముంది? ఒక మనిషిని తీసేసినా రోగం తిరిగొచ్చిందంటే రోగం ఎవరిదో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. అయినా బండి షెడ్డుకి చేరాక ఆ మెకానిక్ నన్ను చూసి, "మేడం గారు మల్లీ నడుపుతన్నారేటి సార్?" అని అడిగితే, "ఆ, అప్పుడప్పుడూ," అన్నాను.

ఇది రాయడానికే ఈ కాగితం తీశాను. మొదటిసారి అన్నది అలవాటులో వచ్చిన మాట అని సర్దిచెప్పుకోవచ్చు. రెండోసారి నాకు అన్నీ తెలుసు. తెలిసే అన్నాను.

మెకానిక్ డ్రైవరు వైపు తలుపు తీసి లోపలికి వంగాడు. కాసేపు చూసి నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఈ సీటు సూడండి సార్. సివరి దాకా ఎనక్కుంది. ఆరోజు నాను సూసినాను గదా మేడం గార్ని. ఆవిడ ఇక్కడ కూకుంటే కాలు పెడల్‌కి అందుతాదేటి?"

నేను వంగి చూశాను.

"పెడల్ రబ్బరు ఓ పక్కంతా అరిగిపోనాది. ఎడం కాలెట్టుకోడానికి పక్కన మెట్టు ఇచ్చినారు, దాని గీతలు కొత్తవాట్లాగే ఉన్నాయి. ఆ కాలు ఎప్పుడూ కిందకి దిగనేదు సార్." నా ముఖం వైపు చూడకుండా స్పానరు అందుకుంటూ అన్నాడు, "మీరు పెద్ద క్రేన్లు సూసేవోరు. మీకు నాను సెప్పాలేటి."

అతను నవ్వి ఉంటే బాగుండేది. కోప్పడినా బాగుండేది. షెడ్డు బయట అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాను.

సాయంత్రం తను కాలేజీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పెరటి గుమ్మంలో నిలబడి, "బండికి మళ్ళీ క్లచ్ పోయింది," అన్నాను.

చెంబు చేతిలో ఆగిపోయింది. "నేను ముట్టుకోలేదండి," అంది గబగబా. "తాళం కూడా ముట్టుకోలేదు."

అలా భయపడేలా నేనే చేశాను. అప్పుడు అంతా చెప్పేశాను. అప్పుడూ తప్పు తనది కాదని, నా ఎడమ కాలిదేనని, తను వేసే హ్యాండ్‌బ్రేకే సరైనదని. మధ్యాహ్నం మళ్ళీ తన పేరే చెప్పానని, అతను సీటు చూసి పట్టుకున్నాడని. తను చివరిదాకా విని, చెంబు బోర్లించి, నెమ్మదిగా అడిగింది.

"అతను సీటు చూడకపోయుంటే నాకు చెప్పేవారా?"

నేను తీగ మీది తువ్వాలు తీసి తనకు అందించాను. తను దాంతో కాళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళి దీపం పెట్టింది.

రెండు రోజుల తర్వాత బండి తెచ్చి గుమ్మం ముందు ఆపాను. సీటు తనకు అందేలా ముందుకు జరిపాను, అద్దాలు తన ఎత్తుకు సరిచేశాను. కాలేజీకి తయారై వచ్చిన తనకు తాళం ఇస్తే తీసుకుంది. తలుపు తీసింది. స్టీరింగ్ మీద ఒకసారి చెయ్యి వేసింది. కూర్చోలేదు.

"ఇదివరకు నాకు భయం ఉండేది కాదండి," అంది. "ఇప్పుడు ఆటోలో ఎత్తు ఎక్కుతున్నా ఆ రోజు హారన్లే వినిపిస్తున్నాయి."

తాళం నా చేతిలో పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని, ఆటో కోసం సందు చివరికి నడిచింది.