మిల్ట్రీ బావ మిరప కూలి

మా బావ పోయిన సంగతి నాకు జనగామ దవాఖాన మెట్ల మీద తెలిసింది. అక్క లోపలి నుంచి వట్టి కాళ్లతో వచ్చి, నా పక్కన కూలబడి, "మీ బావ లేడురా తమ్మీ" అంది. గుండె ఆగిందట. నాకు ఏడుపు రావాలి, వచ్చింది కూడా. కాని ఉన్నది ఉన్నట్టు రాస్తాను, చదివేవాళ్లు తిట్టుకుంటే తిట్టుకోండి. అప్పటికే మా ఊరి నుంచి ఆటోలు వచ్చి గేటు దగ్గర ఆగుతున్నాయి. దిగేవాళ్లంతా కళ్లు తుడుచుకుంటూ దిగుతున్నారు. నేను పోతే వీటిలో ఒక్క ఆటో అయినా కదులుతుందా అనుకున్నాను. చచ్చిన మనిషి మీద కూడా కుళ్లుకున్నవాణ్ణి నేను. బతికి ఉండగా ఎంత కుళ్లుకున్నానో మీరే లెక్క వేసుకోండి.

బావ ఫౌజు మనిషి. కార్గిల్ లడాయికి పోయి వచ్చాడు. ఎడమ పాదానికి వేళ్లు లేవు. బూటు ముందు భాగంలో పాత గుడ్డలు కుక్కి తొడుక్కునేవాడు. మా ఇంటికి ఇల్లరికం రాకముందు ఆయన ఎంత చదివాడో తెలియదు గాని, నేను తొమ్మిదో తరగతి తప్పి, బచ్చన్నపేటలో బోరు మోటార్లు బాగు చేసుకుంటూ బతుకుతున్నాను. నోరు తప్ప నాకు వేరే ఆస్తి లేదు. ఊళ్లో ఆయనను 'మిల్ట్రీ బావ' అనేవాళ్లు, వరస కానివాళ్లు కూడా. నన్ను మాత్రం 'మిల్ట్రాయన బామ్మర్ది' అనేవాళ్లు. పుట్టి పెరిగిన ఊళ్లో నా పేరు పోయి, ఎక్కడి నుంచో వచ్చిన అల్లుడి పేరు నాకు అతుక్కుంది. మండదా?

ఆగస్టు పదిహేనున బడిలో ఆయనకు కుర్చీ వేసేవాళ్లు. నేను మైకు సెట్టు వైర్లు పట్టుకుని ఎండలో నిలబడేవాణ్ణి. మా అవ్వ ఉన్నన్ని రోజులు యాటకూర వండితే మూలుగ బొక్క ఆయన గిన్నెలోనే పడేది. "అవ్వా, నేను నీ కడుపున పుట్టిన్నా, ఏడన్న దొరికిన్నా?" అని అడిగితే, "దొరికితే నిన్నెవలు ఏరుకుంటరురా?" అనేది. ఆ మాటకు బావ నవ్వేవాడు కాదు. ఆ మూలుగ సగం దులిపి నా కంచంలో వేసేవాడు. అది ఇంకా మండేది. సగం మూలుగ ఇచ్చినవాణ్ణి తిట్టడానికి కూడా లేదు కదా.

బావా బామ్మర్దుల పరాచికాలకు మా దగ్గర హద్దు లేదు. నేను ఆయన బూటు ఒకటి దాచేవాణ్ణి. ఆయన రెండోది కూడా తెచ్చి నా ముందు పెట్టి, "దాసేటోడివి రెండు దాయి, జోడు ఇడదియ్యకు" అనేవాడు. ఒకసారి నలుగురిలో అడిగాను.

"బావా, కాలి వేళ్లు ఏడ పోయినయి?"

"చలికి పోయినయి."

"గంత చలిల నిన్నెవలు పొమ్మన్నరు?"

"నీ అసొంటోడు ఇంట్ల వెచ్చగ పండాలె గద బామ్మర్దీ."

అరుగు మీద ఉన్నవాళ్లంతా నన్ను చూసి పకపక నవ్వారు. యుద్ధం గురించి ఆయన నోటి వెంట వచ్చింది అంతే. ఎవరు గుచ్చి అడిగినా గడ్డం గీసుకోవడమో, బూట్లకు పాలిష్ పెట్టడమో మొదలుపెట్టేవాడు. నేను ఎక్కువ వాగితే మాత్రం, "మోటరన్న వేడెక్కితే బంద్ పెడ్తవు. నీ నోటికి బంద్ లేదా?" అనేవాడు.

మా చేనులో ఆయన ఒక్కనాడూ నడుం వంచలేదు. వంచనిచ్చేది కాదు మా అవ్వ. "అల్లునితోని పత్తి ఏరిపిస్తే ఊరు నవ్వదా?" అని గట్టు మీద మంచం వేయించేది. నేను ఎండలో ఏరుతుంటే ఆయన నీడలో రేడియో వినేవాడు. అటువంటి మనిషి ప్రతి ఏడూ మిర్చి ఏరే కాలానికి సంచి సర్దుకుని, జనగామలో రైలెక్కి, మహబూబాబాద్‌లో దిగేవాడు. మానుకోట అంటాం మేము. నాలుగైదు రోజులకు తిరిగి వచ్చేవాడు. సంచిలో ఎండుమిర్చి ఉండేది. ఎక్కడికి పోయావంటే, "కూలికి" అనేవాడు.

మా బావకు మానుకోటలో చిన్నిల్లు ఉందని నేను ఊరంతా చాటాను. బామ్మర్దిగా అది నా హక్కు. అక్క కూడా విని నవ్వింది. "పోయి సూసి రారా. పనిమంతురాలైతే తోల్కరా, నాకు జర ఆసరైతది" అంది. ఆ ఏడు ఆయన వెంట పడి నేనూ రైలెక్కాను.

మానుకోటలో దిగి, ఆటో ఎక్కి, ఒక తండాకు పోయాం. మిరపతోటలో ఒక ముసలి లంబాడీ తల్లి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. బావను చూడగానే మొదలుపెట్టింది. "గిప్పుడా వచ్చేది? కాయంత రాలినంక?" మా ఇంట్లో మంచం దిగని అల్లుడు, కిక్కురుమనకుండా తువ్వాల నడుముకు చుట్టి, "వచ్చిన గద యాడీ" అని సాలులో దూరాడు. యాడీ అంటే వాళ్ల భాషలో అమ్మ. తోటంతా ఏరి ఉంది, ఆ ఒక్క సాలు తప్ప. అది ఆయన కోసం ఆపిందట. ప్రతి ఏడూ ఒక సాలు ఆపుతుందట. నాకు మళ్లీ కడుపు మండింది. మా అవ్వ మూలుగ చాలక, ఈయనకు ఇక్కడ ఇంకొక తల్లి!

మధ్యాహ్నం బావ నీళ్లకు పోయినప్పుడు, జొన్నరొట్టె నా చేతిలో పెడుతూ ఆమె చెప్పింది.

"నా కొడుకు, మీ బావ ఫౌజుల ఒక్క తాన ఉండిరి. కొండ మీద నా కొడుక్కు దెబ్బ తాకింది. మీ బావ ఎత్తుకొని దిగిండు. బూటు పలిగి మంచు సొచ్చింది. జర ఆగి కాలు సూసుకుంటే వేళ్లు దక్కుతుండె. ఆగలే. ఆగితే నా కొడుకు సస్తడని ఆగలే. కిందికి వచ్చేసరికి నా కొడుకు పానం పోయింది, ఈయన వేళ్లు పోయినయి."

నేను రొట్టె నమలడం మానేశాను.

"నా కొడుకు మొకం నేను సూసిన బిడ్డా. చేతులతోని తడిమి సూసిన. గది మీ బావ ఇచ్చిందే" అంది.

బావ బిందెతో వచ్చాడు. "బావా, గీ ముచ్చట ఊళ్లె చెప్తే నీకు దండలేద్దురు గద?" అన్నాను. ఆమె ఇంటి వైపు చూపించి, "దండ ఆడ ఫొటోకున్నది. గదొక్కటి సాలు" అని మళ్లీ సాలులోకి పోయాడు.

కుర్చీ మీద అసూయ, మూలుగ మీద అసూయ చిన్నవి. కుర్చీ లాక్కోవచ్చు, మూలుగ ఎత్తుకుపోవచ్చు. ఆ రోజు పట్టుకున్న అసూయకు మందు లేదు. నా ఇన్నేళ్ల బతుకులో బోరు మోటార్లు తప్ప నేను ఎవరినీ భుజాన మోయలేదు. నా కోసం ఎవరూ ఒక సాలు ఆపలేదు.

ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఆయన వెంట పోయేవాణ్ణి గాని, ఆ తల్లి ముందు మాత్రం ఇదేమీ కనబడనివ్వలేదు. నా తీరులోనే ఉన్నాను. పోయిన ఏడు గొంతు మార్చి ఆమెకు ఫోన్ చేసి, "హలో, మిల్ట్రీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నం. మీ తాన కూలికొచ్చే మిల్ట్రాయనను మళ్ల డ్యూటీకి పిలిచినం, మిర్చికి రాడు" అన్నాను. ముసలిది బెంగపడి, తర్వాత కనిపెట్టి, మా ఏడు తరాలను తిట్టింది. అప్పటి నుంచి నన్ను అబద్ధాలోడా అనే పిలిచేది.

మొన్న బావను కాటికి తీసుకుపోయిన రోజు, ఆయనతో ఫౌజులో పనిచేసిన ఒకాయన భూపాలపల్లి నుంచి వచ్చాడు. పాడె ముందు సెల్యూట్ కొట్టి, చాలాసేపు చెయ్యి దించలేదు. తర్వాత మా అక్కను అడిగాడు. "తండాల యాడీకి ఎవలు చెప్తరమ్మా? మిర్చి ఏరుడు మొదలైంది. తొవ్వ సూస్తుంటది."

"ఫోన్ల చెప్పద్దు. మనిషే పోవాలె. తమ్ముడు పోతడు" అంది అక్క.

"నేను చెప్తే నమ్మదక్కా."

"నమ్మేటట్టు చెప్పు. ఆ తల్లి సాలు ఆపుకొని కూసుంటది. ఆయన ఏనాడన్న తప్పిండా?"

మూడో నాటి కార్యం కాగానే మానుకోట రైలెక్కాను. తోటంతా ఏరి ఉంది. ఒక్క సాలు మాత్రం ఎర్రగా, నిండుగా ఉంది. ఆమె నా వెనక దారి వైపు చూసింది.

"నువ్వొక్కనివే వచ్చినవా? వాడేడి?"

"పోయిండు యాడీ. గుండె ఆగింది."

ఆమె నవ్వింది. "పోయినేడు ఆఫీసరువి, ఈయేడు గిట్లనా? సిగ్గు లేదా అబద్ధాలోడా! ఏ చెట్టు సాటున నిలవెట్టినవు వాణ్ణి?" అని దారి వైపు తిరిగి, "దా రా బయటికి! నీ సాలు ఎదురుసూస్తున్నది!" అని కేకేసింది.

"నిజం యాడీ. మా అవ్వ మీద ఒట్టు."

"మీ అవ్వ పోయి ఎన్నేండ్లాయె! సచ్చినామె మీద ఒట్టు ఎందుకు పనికొస్తదిరా?"

జీవితంలో మొదటిసారి నా నోరు నాకు అక్కరకు రాలేదు. ఇంకేం చెయ్యాలో తెలియక, తువ్వాల నడుముకు చుట్టి, బావ సాలులోకి దిగాను. కాయ ఏరడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఆమె ఇంకా ఎగతాళి చేస్తూనే ఉంది. "నాటకాలు బాగొచ్చు నీకు! నీ ఏరుడు సూడు, ఆకులన్ని రాలగొడ్తున్నవు!" నేను ఇంకో చెట్టుకు జరిగాను. "ఓ అబద్ధాలోడా, మాట్లాడవేందిరా?" తల ఎత్తలేదు. ఏరుతూ పోయాను.

సాలు సగం దాటేసరికి ఆమె గొంతు ఆగిపోయింది. ఎండుటాకుల మీద అడుగులు వినబడ్డాయి. నా ముందుకు వచ్చి, వంగి, నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అక్కడే సాలులో కూలబడింది.

వాళ్ల భాషలో రాగం తీసి ఏడ్చింది. నాకు ఒక్క మాట తెలియదు. రెండు పేర్లు మాత్రం తెలిశాయి. ఒకటి ఆమె కొడుకుది, ఒకటి మా బావది. ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి, ఒక్క ఇంట్లో పుట్టిన పిల్లల పేర్ల మాదిరిగా. ఏ రాగంలోనూ ఎవరూ నా పేరు అలా పలకరని నాకు తెలుసు. అయినా చివరి దాకా విన్నాను.

పొద్దుటి నుంచి కాయ ఏరిన చేతులు ఆమెవి. కళ్ల దగ్గరికి తీసుకుపోతే మంట. అందుకని రెండు చేతులూ ముఖానికి దూరంగా, గాలిలో అలాగే పట్టుకుని ఏడుస్తోంది. నేను తుడుద్దామని చెయ్యి చాపి, నా వేళ్లు చూసుకుని ఆగిపోయాను. ఎవరూ తుడవని కన్నీళ్లు ఆమె గడ్డం దాకా జారి, ఒడిలో కట్టుకున్న ఎర్రటి కాయల మీద పడుతున్నాయి.