పడుగులో చుట్టుకుపోయిన ఆఖరి ఆకులు

గత ఆదివారం హిందూపురంలోని మా ఇంటికొచ్చిన వదిన మనవరాలు, స్నేహితులకు డిటెక్టివ్ కథలు అలవాటు చేస్తున్నానని గొప్పగా చెప్పి ఫోన్ చూపించింది. ఒక్కో నవలను మూడు నిమిషాల్లో తేల్చేసే వీడియోలవి. రెండో నిమిషానికే హంతకుడి పేరు. ముందే చెప్పేస్తే ఇంకేముందే అంటే, "అంత సేపు చదివే ఓపిక ఎవురికుండాది అవ్వా?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఆ పిల్ల మీదిదొక్కటే కాదు, 1962 నుంచి ఆరనిది.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. పెనుకొండలో గుమాస్తాగా ఉన్న అన్న శనివారం ఇంటికొస్తూ తెచ్చే డిటెక్టివ్ నవలను, మా వసారాలో పట్టుదారం కండెలకు చుట్టే ఆడవాళ్లకు నేను చదివి వినిపించేదాన్ని. కొత్తవాళ్ల విషయంలో నా పద్ధతి నాది: మొదటి పుస్తకం నూరు పేజీలు దాటకూడదు, అనుమానితులు ఐదుగురికి మించకూడదు. ఆఖరి అధ్యాయం ముందు పుస్తకం మూసి, ఎవరు చంపారో ఒక్కొక్కరినీ అడిగి తేదీ వేసి రాసుకుంటాను, ముగింపు మర్నాడే. అలా పదకొండు మందికి రుచి చూపించాను. పన్నెండో మనిషి రొద్దం నుంచి కాపురానికొచ్చిన మా వదిన. హత్యల కథలు కడుపులోని బిడ్డకు మంచివి కావని తల్లి చెప్పిందట, మొదటిరోజు తలుపు వెనకే కూర్చుంది. మూడోరోజుకు కండె పక్కన పెట్టేసి నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది. వంటవాడే చంపాడని ఆమె పందెం.

మర్నాడు చూస్తే పుస్తకానికి ఆఖరి పన్నెండు ఆకులు లేవు. చీరకు నిలువు దారాలైన పడుగును కర్రకు చుట్టేటప్పుడు పోగులు చిక్కుపడకుండా పొరల మధ్య కాగితాలు వేస్తారు. పాత కాగితాలు చాలక నాయన నా నవలను వెనకనుంచి ఒక్కో ఆకే చించి వేశాడు. "హత్యల పుస్తకానికి ఇంత ఏడుపేం పాపా? యాడికి పోతాయి, నేసేకొద్దీ అవే వస్తాయిలే!" అన్నాడు, పైగా నవ్వుతూ.

ఆ పడుగు మూడు చీరలది. చీరకు పదిరోజులు, నాలుగు ఆకులు. మొదట చుట్టుకుపోయింది కాబట్టి ఆఖరి ఆకు అన్నిటికన్నా వెనక బయటికొస్తుంది. ఆకు వచ్చినరోజు వసారాలో చోటు చాలేది కాదు. "ఏమప్పా, రొంత బిరీన నేయకూడదా!" అని ఆడవాళ్లు నాయనను తొందరపెట్టేవాళ్లు. హత్యల పుస్తకమని తీసిపారేసిన ఆయనే, ఊడిపడిన ఆకును నాకివ్వకముందు మగ్గం ఆపి రెండుసార్లు చదువుకునేవాడు.

ఇరవై రెండో రోజున వదినను కాన్పుకు రొద్దం తీసుకుపోయారు. ఇంకా నాలుగు ఆకులు పడుగులోనే ఉన్నాయి. బస్సు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "నువ్వే వచ్చి సదవాల పాపా. అంతవరకూ నాకు ఎవురూ చెప్పగూడదు" అంది. పక్కనే నిలబడిన నాయన కూడా తలూపాడు.

ముప్పయ్యో రోజు ఆఖరి ఆకు వచ్చింది. శనివారం అన్న వచ్చి నన్ను బస్సెక్కించేలోపే నాయన రొద్దానికి పోస్టుకార్డు రాసి పడేశాడు. "ఇక్కడ అందరం క్షేమం. చంపింది కాంపౌండరు. ఆరోగ్యం జాగ్రత్త." ఆ ఇంట్లో పెద్దవాళ్లకు చదువు రాదని పోస్టుమాన్ దాన్ని వాకిట్లో నిలబడి గట్టిగా చదివాడట. నాలుగు ఆకులూ రవికలో దోపుకుని నేను వెళ్లేసరికి వదిన గోడవైపు తిరిగి పడుకుంది. "తెలిసిపాయ కదా పాపా, ఇంకేం సదువుతావులే" అంది. మళ్లీ ఏ నవలకూ చెవి ఒగ్గలేదు. నాయన మంచి చేశాననే అనుకున్నాడు. ఆయనతో నేను పంతొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఆయన పోయాక కూడా ఆ ఒక్క తప్పు క్షమించలేదు, ఇప్పుడూ క్షమించను.

కాంపౌండరు ఎందుకు చంపాడన్నది ఆఖరి ఆకులో ఉంది. కార్డులో అది లేదు. చదివితే ఎంత కఠినురాలైనా కళ్లు తుడుచుకుంటుంది. వదిన వినకుండానే పోయింది. నాలుగేళ్ల రెండు నెలలయింది.

పన్నెండు ఆకుల కోసం ఒక వసారా నెలరోజులు ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు మూడు నిమిషాల వీడియోలతో ఎవరు చంపిందీ అందరికీ తెలుసు. ఎందుకని అడిగేవాళ్లే కనబడరు. ఆ నాలుగు ఆకులూ నా దగ్గరే ఉన్నాయి, అంచుల్లో ఇంకా ఎర్ర పట్టుపోగు అంటుకునే ఉంది.