బాతు అని రాసిన చీటీ

ఈ ఆదివారం పొద్దున ఆరూ నలభైకి సూర్యాపేటలో మా వీధి చివరి చికెన్ షాపు షట్టర్ లేచింది. తడిసిన ఈకల వాసన, వెచ్చటి పేగుల వాసన కిటికీలోంచి వచ్చాయి. మామ పోయి నెల అయింది. ఆయన స్లైడ్ల పెట్టె నా బల్ల మీద ఉంది.

మా మేనమామ ఇక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. పక్షుల పేగుల్లో బతికే, రిబ్బన్‌లా చదునుగా ఉండే బద్దె పురుగులను ఏరి, కొలిచి, ఏది ఏ జాతిదో తేల్చి, ఎవరూ రాయనిదైతే పేరు పెట్టడం ఆయన ఇష్టంగా చేసుకున్న పని. దసరాకు మిర్యాలగూడలో మా ఇంటికి వచ్చి, ఇంటింటా కోళ్లు కోస్తుంటే, మసాలా నూరే చప్పుడు, గారెల వాసన, ఈకలు కాల్చిన పొగ మధ్య, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టీలు గిన్నెతో గడప గడపకూ వెళ్లి పేగులు అడిగేవాడు. వెనక నేను, ఏ పక్షి, ఏ ఊరు అని చీటీ రాసేదాన్ని. చీటీ కూడా పేగులతో పాటు స్పిరిట్ సీసాలోనే వేస్తాం కనుక, సిరా కరిగిపోతుందని పెన్సిల్‌తోనే రాయాలి. చిన్నప్పుడు అది ఆట. పదమూడో ఏడు వచ్చేసరికి సిగ్గు. మా బడి పిల్లలు నన్ను ‘పేగుల విమల’ అనేవాళ్లు.

ఆ ఏడు వరికోతలయ్యాక మాడుగులపల్లి పొలాల్లోకి బాతుల మందలు దిగాయి. చచ్చిన బాతు దొరికితే పేగులు తెమ్మని మామ స్పిరిట్ సీసా ఇచ్చాడు. దారిలో మా క్లాసు పిల్లలు చూస్తారని నేను వెళ్లలేదు. మిర్యాలగూడ బస్టాండు వెనక కోళ్ల షాపులో అడిగాను.

“గివి ఎందుకు బిడ్డా, కుక్కకా?”

“ఆ, కుక్కకే.”

ఆ పేగులు సంచిలో ఒక రోజంతా మగ్గాక వాటిని సీసాలో వేసి, ‘బాతు, మాడుగులపల్లి’ అని రాశాను.

మామ మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తాడు. “జర యాది తెచ్చుకో బిడ్డా. బాతేనా?”

“బాతే మామా.”

“కోడిది గిట్ల కలవలే కద?”

“బాతేనంటి గద!”

ఆ పేగుల్లో దొరికిన పురుగు కోళ్లలో ఉండేదానిలాగే ఉంది. కానీ పేగును పట్టుకోవడానికి దాని తల మీద ఉండే కొక్కేలు దీనికి లేవు, పైగా బాతులో దొరికింది. రెండేళ్లు కొలిచి, కొత్త జాతి అని వ్యాసం రాశాడు. నా పేరు చివర లాటిన్ పద్ధతిలో మార్చి దానికి పెట్టాడు. మా అమ్మ పాయసం వండింది. రెండు గిన్నెలు తిన్నాను.

చాలా ఏళ్లకు మరొక శాస్త్రవేత్త, అది కోళ్ల పురుగేనని, కుళ్లి కొక్కేలు రాలి ఉంటాయని రాసి, ఆ పేరు కొట్టేశాడు. మామ ఒప్పుకోలేదు. రిటైరయ్యాక ఏటా కోదాడ, హుజూర్‌నగర్ పొలాల్లో బాతుల మందల వెంట తిరిగాడు. ఒకసారి నేనూ వెళ్లాను.

“ఏంటి సారూ, బతికున్న బాతు కొనరు, చచ్చినదాన్నే అడుగుతారు?” అని కాపరి నవ్వాడు. మామ కూడా నవ్వి, గట్టు మీద కూర్చుని పేగు చీల్చాడు. అందులో లేదు. ఏ బాతులోనూ లేదు.

దవాఖానలో చివరి వారం నా చేయి పట్టుకుని, “నీ పేరు నిలబెట్టలేకపోయిన బిడ్డా. నేనే సక్కగ సూడలే” అన్నాడు.

“పోనియ్యి మామా” అన్నాను. చెప్పవలసింది అప్పుడు కూడా చెప్పలేదు. ఆయన తప్పు చేసినట్టు, నేను మన్నించినట్టు ఉండిపోయింది.

పెట్టె మూలలో ఆ సీసా దొరికింది. స్పిరిట్ ఎండిపోయింది, చీటీ చెదరలేదు. రెండు మాటలూ కొట్టేసి, ‘కోడి, మిర్యాలగూడ’ అని పెన్సిల్‌తోనే రాశాను. షాపులో మొదటి కోడిని కోశారు. పేగులు బకెట్‌లో పడ్డాయి. మా వీధిలో ఇప్పుడు వాటిని ఎవరూ అడగరు.