వైఫ్ ఆఫ్

మొన్న క్రిస్మస్ ముందు మా అమ్మాయి ఫోనులో ఒక కరపత్రం చూపించింది, దోహాలో మన తెలుగువాళ్ళు వేస్తున్న నాటకం తాలూకుది. ఆ దేశంలోనే చమురు బావుల ఊరైన దుఖాన్‌లో కాపురమున్న రోజుల్లో నేను రాసిన నాటకమే అది. రచన అన్నచోట మాత్రం, ఎప్పటిలాగే, కాలం చేసిన మా ఆయన పేరుంది. చూడగానే ఒక జర్మను ఆవిడ కళ్ళు కనబడ్డాయి.

ఆవిడను నేను ఫొటోలోనే చూశాను. నేను పుట్టడానికి ఎంతో ముందే పోయింది. మా కంపెనీ ఇంజనీరుగారి తల్లి, కొడుకు దగ్గరికి వచ్చి ఉన్న ముసలి మేడమ్, తన తాతమ్మ అయిన ఆ జర్మను ఆవిడ కథను ఇంగ్లీషులో రాసుకుంటుంటే, ఆఫీసులో టైపిస్టు డ్యూటీ దిగాక వెళ్ళి నేను టైపు కొట్టిపెట్టేదాన్ని. ఆ తాతమ్మ నాటకాలు తనే రాసి, ఊరూరా తనే ఆడేదట, మొగుడేమో వాటిని తన పేరున అచ్చు వేయించుకున్నాడట, ఏళ్ళ తరబడి నోరు మెదపని ఆవిడ ముసలితనంలో ఒకసారి తెర ముందుకొచ్చి ఇవి నావే అంటే, నాటకశాల మొత్తం నవ్విందట.

పుస్తకం పూర్తయ్యాక మొదటి పేజీలో ఆ తాతమ్మ పేరు కొట్టి, వీసా కాగితాలు కొట్టీ కొట్టీ అలవాటైన చేత్తో, పక్కనే వైఫ్ ఆఫ్ అని ఆ మొగుడి పేరూ కొట్టేశాను. మేడమ్ ఆ కాగితం అందుకుని చూసి, "ఇంత దూరం వచ్చినా ఆయన ఈమెను వదల్లేదన్నమాట," అంది. గోడమీది ఫొటోలోంచి తాతమ్మ నావంకే చూస్తున్నట్టనిపించి, తలెత్తకుండా ఇంకో కాగితం ఎక్కించి ఆవిడ పేరొక్కటే మళ్ళీ కొట్టాను.

నా సంగతి మాత్రం దిద్దుకోలేదు. ఆడది నాటకం రాసిందంటే ఏమనుకుంటారోనని అక్కడి తెలుగు సంఘం పెద్దలకు మా ఆయన పేరిచ్చింది నేనే. పాపం, ఇంటికి ఉత్తరం రాయాలన్నా బద్ధకించే మనిషి. మొదట్లో వద్దు వద్దన్నవాడే, చప్పట్ల రుచి మరిగాక ఊరుకున్నాడు.

ఈసారి నాటకానికి మా అమ్మాయితో వెళ్ళాను. అది అయ్యాక, రచయితగారి భార్యనని నన్ను వేదిక మీదికి పిలిచి మైకు చేతికిచ్చారు. ఇది రాసింది నేనేనని చెప్పేశాను. హాలంతా గొల్లున నవ్వింది.

"ఆంటీగారు భలే జోకేశారండీ!" అంది నా చేతిలోంచి మైకు అందుకున్న, కార్యక్రమం నడిపే పిల్ల, ఎంతో ప్రేమగా.

దుఖాన్‌లో జంపఖానా పరిచి, దుప్పటి తెర కట్టి ఆడిన నాటకం ఇప్పుడు ఏసీ హాల్లో, రంగు లైట్ల కింద ఆడుతోంది. నా టైపు మిషనేమైందో తెలియదు, మేడమ్ లేదు, ఆయనా లేడు. ఆ తాతమ్మ విన్న నవ్వు మాత్రం చెక్కుచెదరకుండా నా దాకా వచ్చింది. నా ఈడువాళ్ళెవరైనా ఇది చదివితే, మీరైనా నవ్వకండి.