రెండు ప్రతుల్లో అభ్యంతరం

అభ్యంతరం బాబాయికి దేవుడి మీద నమ్మకం లేదు. అది పెద్ద విశేషమేమీ కాదు, అలాంటివాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. చుట్టాల ఇళ్ళలో ఏ ప్రార్థన జరిగినా, తనకు నమ్మకం లేదన్న సంగతిని రెండు ప్రతుల్లో రాసుకెళ్ళి, ఒకటి గురువుగారి చేతికిచ్చి, రెండోదాని మీద 'ముట్టింది' అని సంతకం పెట్టించుకోవడం ఆయన విశేషం.

బాబాయి నీళ్ళ సరఫరా ఆఫీసులో పెద్ద గుమాస్తా. కుళాయి రాలేదన్న ఫిర్యాదుల మీద ముప్పయ్యేళ్ళుగా ముద్ర గుద్దుతున్న చెయ్యి అది. కాగితం మీద లేనిది లోకంలో జరగనట్టే ఆయన దృష్టిలో. 'పై కార్యక్రమానికి హాజరైతిని గానీ, అందులో చెప్పబడిన సంగతులతో ఏకీభవించుట లేదని మనవి' అన్నది నమూనా. పైన 'విషయం' దగ్గర పెళ్ళి కొట్టేసి కొత్త ఇల్లు అనో, కొత్త ఇల్లు కొట్టేసి సంతాపం అనో మార్చుకోవడమే.

పోనీ నమ్మకం లేనివాడు ఇంట్లో కూర్చుంటాడా అంటే, అదీ లేదు. పిన్ని, అంటే ఆయన భార్య, ఈ మాట అడిగి అడిగి అలిసిపోయింది. రాకపోతే అది గైర్హాజరు అవుతుందే తప్ప అభ్యంతరం ఎలా అవుతుందని ఆయన వాదన. అందరికంటే ముందు వెళ్ళి కుర్చీలు వేస్తాడు. మైకు వైరు ఎవరి కాళ్ళకీ తగలకుండా టేపు అంటిస్తాడు. ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కిస్తాడు. ఇంత చేసినవాడు బుద్ధిగా కూర్చోవచ్చు కదా! ఏదో ఒక క్షణాన దిగ్గున లేచి జేబులో చెయ్యి పెడతాడు.

పిన్ని నాన్న పోయినప్పుడు కూడా వదల్లేదు. అప్పటికి ఆవిడ తమ్ముడి ఉద్యోగం పోయి రెండు నెలలైంది. ఇప్పుడెక్కడ చేస్తున్నావురా, ఎంతిస్తున్నారురా అని ఓ పెద్దాయన నలుగురిలో వాణ్ణి నిలదీస్తుంటే, ఈయన లేచి కాగితం చదవడం మొదలుపెట్టాడు. ఇంక తమ్ముడి ఉద్యోగం ఎవరికి కావాలి? పోయిన మనిషి కోసం వచ్చావా, సమ్మె చెయ్యడానికి వచ్చావా అని అందరూ కలిసి బాబాయిని కడిగేశారు. పిన్ని తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వంటగదిలోకి పోయి ఏడ్చింది.

గురువుగారు మాత్రం పాపం ఓర్పు గలవాడు. మొదట్లో వాదించి చూశాడు. తర్వాత దేవుడు క్షమిస్తాడని చెప్పి చూశాడు. ఇప్పుడు బాబాయి లేస్తే చాలు, పెన్ను తీస్తున్నాడు. ఒకసారి తేదీ తప్పు పడితే తనే దిద్దిపెట్టాడు కూడా.

ఇలా ఉండగా పిన్ని అక్కగారి చిన్నకూతురికి బాబు పుట్టాడు. పేరు పెట్టే ప్రార్థన రోజున బిడ్డని గుమ్మం నుంచి గురువుగారి దాకా ఎత్తుకెళ్ళి ఒళ్ళో పెట్టాల్సింది బిడ్డ పెద్దమ్మ. ఆ ఇంట్లో మొదటినుంచీ అంతే. ఆ పెద్దమ్మకి, అంటే అక్కగారి పెద్దకూతురికి, కిందటేడే విడాకులయ్యాయి. నలుగురి నోళ్ళలో పడటం ఎందుకు, ఇంకెవరినైనా ఎత్తుకోమనండి పిన్నీ అందా పిల్ల. అక్క ఎత్తుకోకపోతే నా కొడుకు పేరు లేకుండానే పెరుగుతాడని చెల్లెలు భీష్మించుకుంది. చివరికి ఒప్పుకుని, దిండు ఎత్తుకుని హాల్లో అటూ ఇటూ నడిచి చూసుకుంది పెద్దది. దాని మొహంలో నవ్వు చూసి ఏడాది అయిందని అక్కగారు మురిసిపోయింది.

అందుకే పిన్ని దారిలోనే బాబాయిని పట్టుకుంది. కొత్త వియ్యంకులు, మొదటి శుభకార్యం, ఈ ఒక్కరోజూ పరువు దక్కించమంది. ఆయన వెంటనే రెండు ప్రతులూ తీసిచ్చాడు. ఆవిడ వాటిని హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు లాగి, హమ్మయ్య అనుకుంది.

హాలు నిండింది. గుమ్మంలో పెద్దమ్మ, చేతుల్లో బాబు. నాలుగడుగులు వేసిందో లేదో, ముందు వరసలోంచి అక్కగారి వియ్యపురాలు, అంటే బాబు నాయనమ్మ, లేచింది.

"ఆగమ్మాయ్. కాపురం నిలుపుకోలేని చేతుల్లో బిడ్డని తీసుకురాకూడదు. ఇంకెవరికైనా ఇవ్వు."

పిల్ల అక్కడే ఆగిపోయింది. హాల్లో ఉన్న తలలన్నీ దాని వైపు తిరిగాయి.

బాబాయి దిగ్గున లేచి జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ. పిన్ని వైపు చూశాడు.

"నోటితో చెప్పి తగలడొచ్చుగా," అంది పిన్ని గొంతు తగ్గించి.

"నోటిమాట చెల్లదు."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. తిట్టబోయి, ఆయన మొహం చూసి ఆగింది. ఆయన గురువుగారి వంక చూడటం లేదు. బాబుని పట్టుకున్న ఆ పిల్ల చేతుల వంక చూస్తున్నాడు. పిన్నికి తమ్ముడు గుర్తొచ్చాడు. ఇంకా ఎవరెవరో గుర్తొచ్చారు. గబగబా జిప్పు లాగి కాగితాలు ఆయన చేతిలో పెట్టింది.

"గట్టిగా చదవండి," అంది.

ఆయన చదివాడు. హాలు గగ్గోలెత్తిపోయింది. వియ్యపురాలు పిల్లని వదిలేసి, ఇదేం మనిషి, ఇదేం వంశం అని ఈయన మీదికి తిరిగింది. వంశ వివరాలు కావాలంటే విడిగా అర్జీ పెట్టుకోమన్నాడు బాబాయి. తలలన్నీ ఇటు తిరిగాయి. పిన్ని కళ్ళతోనే నడవమని సైగ చేసింది. పిల్ల నడిచింది. గురువుగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని ఎన్నడూ చూడనట్టు ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ కూర్చున్నాడు. బాబు తన ఒళ్ళోకి రాగానే చదవడం ఆపి, పేరు పెట్టేశాడు. ఆ తర్వాతే సంతకం చేశాడు.

ఇన్నేళ్ళూ ఇందుకేనా మీరు లేస్తున్నది అని తిరుగు బస్సులో పిన్ని నిలదీసింది. అదేం లేదు, సిద్ధాంతం సిద్ధాంతమే అన్నాడాయన కిటికీలోంచి చూస్తూ. ఆవిడకి ఎప్పటిదో గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తల్లో, ఇంకా పిల్లలు లేనప్పుడు, ఆడపడుచు బిడ్డ ప్రార్థనలో ఆవిణ్ణి వెనక వరసలోకి వెళ్ళి కూర్చోమన్నారు. ఆవిడ లేవబోతుంటే ఈయన కాగితంతో లేచాడు. అత్తవారి ముందు నా పరువు తీశాడు మహానుభావుడు అని ఇన్నేళ్ళూ అనుకుంది.

"ఆ రోజు నుంచి నాలుగు రోజులు మాట్లాడలేదు నేను మీతో," అంది.

"అయిదు," అన్నాడు బాబాయి. "అయిదో రోజు గ్యాస్ అయిపోయిందని చెప్పావు. అది సమాచారం. మాట్లాడటం కిందికి రాదు."