ఎర్ర మూత సూది

మూడేళ్లు కెజియమ్మ ఒకే గరిటెతో దోసెలు పోసింది. గరిటె నిండా పిండి తీసి, అంచుకు మించినదాన్ని మళ్లీ గిన్నెలోకి జారవిడిచి, పెనం మీద రోజూ ఒకే వెడల్పుకు తిప్పేది. ఒక దోసె పెద్దదై ఇంకోటి చిన్నదైతే మొగుడి లెక్క తప్పుతుంది. ఏడు గంటలకల్లా హెబ్రోను వేలు పొడుచుకొని, నెత్తురు చుక్కలో చక్కెర చూసుకొని, ఫోను పట్టుకొని వంటింటి గడప మీద కూర్చునేవాడు.

"ఎన్ని, కెజియా?"

"మూడు."

"మూడంటే మూడేనా? నాలుగోది మూతకింద దాచిపెట్టి, నేను చెయ్యి కడుక్కునేటప్పుడు తెచ్చి వెయ్యవు గదా?"

"తినేదానికి నోరు నీకుంటే, దాచేదానికి మూత నాకెందుకయ్యా?"

అతను నవ్వుకుంటూ ఫోనులో నొక్కేవాడు. ఆమె దోసెకు అందులో ఒక పేరు కూడా రాసి పెట్టుకున్నాడు. 'కెజియా దోసె, ఇరవై రెండు.' ఒక్కో దోసెలో ఉండే పిండిపదార్థం ఇరవై రెండు గ్రాములని. ఒంట్లో చక్కెర ఎంతుందో, తినబోయేది ఎంతో చెబితే, ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ వేసుకోవాలో ఆ ఫోను చెప్పేది.

ఇప్పుడు ఆ గరిటె మేకుకు వేలాడుతోంది. కెజియమ్మ చేతికందిన గ్లాసుతో ఒక్క దోసె పోసుకుంటుంది. గుండ్రంగా వచ్చినా, వంకరగా వచ్చినా అడిగేవాడు లేడు. ఎనిమిదికి మాత్రం ఫోను మోగుతుంది. 'పిన్నమ్మ సూది' అని హెబ్రోను పెట్టుకున్న గంట అది. అతని పిన్నమ్మ మగ్దలీనమ్మకు కళ్లు మసక. మూడేళ్లు రోజూ వెళ్లి ఆమెకు ఇన్సులిన్ వేసింది అతనే. అతను పోయినాక ఆ పని కెజియమ్మ చేతికి వచ్చింది.

హెబ్రోను సముద్రం ఒడ్డు రొయ్యల గుంటల మీద మేత మనిషి. నాలుగో తరగతితో చదువు ఆపేసిన పెళ్లానికి ఫోను లెక్కను మేత లెక్కతోనే నేర్పినాడు.

"గుంటలో మేత చల్లినాక రెండు గంటలకు ట్రే పైకి లాగి చూస్తామా? ట్రేలో మేత మిగిలుంటే మళ్లీ వెయ్యం గదా. ఇదీ అంతే. ముందు వేసిన మందు లోపల ఇంకా పని చేస్తా ఉంటే, ఇది తగ్గించి చెప్తాది."

"దానికెట్టా తెలుస్తాది?"

"మనం చెప్పిందే దానికి తెలిసేది. నేను రెండు దోసెలు తిని మూడని కొడితే తప్పు దానిదా, నాదా?"

అట్లాగని గుడ్డిగా నమ్మిన మనిషి కాదు. మొదటి రెండు నెలలు ఫోను చెప్పిన ప్రతి అంకెనూ నెల్లూరు డాక్టరు రాసిచ్చిన కాగితంతో సరిచూసుకొన్నాకే సూది పొడుచుకున్నాడు.

అలాంటి మనిషి అయిదు నెలల కిందట ఒక సోమవారం పొద్దున మూడు దోసెలు తిని, బండెక్కి గుంటల మీదికి పోయినాడు. తొమ్మిదిన్నరకు నీళ్లను చిలికే ఏరియేటరు పక్కన మోకాటి లోతు నీళ్లల్లో బోర్లా పడి కనిపించినాడు. చక్కెర పడిపోయి, కళ్లు తిరిగి, పడినచోటి నుంచి లేవలేకపోయినాడని ఆసుపత్రిలో చెప్పినారు.

చచ్చినోడి కళ్లు చారెడంటారు. హెబ్రోనుకు ఆ మాట కూడా దక్కలేదు. మట్టి పెట్టిన రోజే మందుల షాపు ఫ్రెడ్డీ సమాధి దగ్గర నిలబడి, పదిమందీ వినేట్టు అన్నాడు. "నేను ఎన్నోసార్లు చెప్పినా. డాక్టరును వదిలేసి ఫోనును నమ్ముకుంటే ఇంతే. ఆ ఫోనే చంపేసింది మా అన్నను." ఫ్రెడ్డీ మగ్దలీనమ్మ కొడుకే. ఆమె ఇంటి ముందు గదిలోనే వాడి షాపు. ఆ మాట ఆదివారానికి మందిరంలో ప్రసంగమైంది. సోమవారానికి టీ కొట్లో జోకు అయింది. "హెబ్రోను ఫోనులో దేవుణ్ణి కూడా లెక్కేసుకున్నాడంటనే!" హెబ్రోను దగ్గర ఆ లెక్క నేర్చుకున్న ఇంకో చక్కెర జబ్బు మనిషి ఆదెయ్య భయపడి ఫోనులోంచి దాన్ని తీసేయించుకున్నాడు. మళ్లీ చేతికొచ్చినంత మందు వేసుకుంటూ, కాలి పుండు మానక కుంటుతున్నాడు.

కెజియమ్మ ఎవరితోనూ వాదించలేదు. ఆమె నోరు ముందునుంచీ చిన్నది. కానీ ఒక సంగతి ఆమె గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మట్టి పెట్టిన మర్నాడు ఫ్రెడ్డీ ఇంటికొచ్చి, ఓదార్పు మాటలు రెండు చెప్పి, చూపు ఫ్రిజ్ మీద పెట్టి అడిగినాడు. "వదినా, అన్న వాడిన ఆ సీసా, సూదులు యాడుండాయి? ఇంట్లో ఉంటే చూసినప్పుడల్లా బాధ. ఇయ్యి, పారేస్తా."

"పారేసినాను," అన్నది. ఎందుకు అబద్ధం చెప్పిందో అప్పుడు ఆమెకే తెలియదు. సీసా ఫ్రిజ్‌లో పిండి గిన్నె వెనకే ఉంది.

నాలుగు నెలలు దాటినాక ఫోనులో ఆ లెక్క తెరిచింది. హెబ్రోను చెయ్యి ఎక్కడెక్కడ నొక్కేదో ఆమెకు గుర్తే. ఆ సోమవారం కనిపించింది. కెజియా దోసె మూడు, మందు ఎనిమిది యూనిట్లు. ముందు రోజు చూసింది. ఎనిమిది. ఆ ముందు వారం, ఆ ముందు నెల, దోసెలు తిన్న ప్రతి రోజూ ఏడో, ఎనిమిదో, తొమ్మిదో. ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుంది. మూడేళ్లుగా బతికించిన ఎనిమిది ఆ ఒక్క రోజు ఎట్లా చంపుతుంది? అంకె మారలేదు. మరి ఏం మారింది?

మారింది సూది. హెబ్రోను ఎప్పుడూ యూనిట్లు తిప్పి పెట్టుకునే ఇన్సులిన్ పెన్నుతో వేసుకునేవాడు. ఆ ముందు సాయంత్రం పెన్నులో వేసే మందు గొట్టం షాపులో లేదన్నాడు ఫ్రెడ్డీ. అదే మందు సీసాలో ఉందని ఒక సీసా, దాంతోపాటు విడి సూదుల ప్యాకెట్టు ఇచ్చినాడు. కెజియమ్మ పక్కనే ఉంది. హెబ్రోను అడిగినాడు కూడా.

"ఫ్రెడ్డీ, పెన్నులో ఎనిమిదంటే దీంట్లో కూడా ఎనిమిదేనా?"

"యూనిట్లు యూనిట్లే గదన్నా! ఎనిమిదంటే ఎనిమిదే. ఇంత పెద్ద లెక్కలోడివి, ఇదేం ప్రశ్న?"

కెజియమ్మ ఫ్రిజ్‌లోంచి సీసా తీసింది. దానిమీద వంద అని ఉంది. ప్యాకెట్టులో మిగిలిన సూదికి ఎర్ర మూత, గొట్టం మీద నలభై అని ఉంది. మగ్దలీనమ్మకు రోజూ వేసే సీసా మీద కూడా నలభై ఉండడం ఆమె చూసిందే. పాత పెన్నులో అడుగున కాస్త మందు మిగిలి ఉంది. పెన్నును నాలుగుకు తిప్పి ఒక చెంచాలో పిండింది. సీసాలోంచి ఎర్ర మూత సూదితో నాలుగు గీతల దాకా లాగి ఇంకో చెంచాలో పిండింది. నాలుగుకు నాలుగు. కానీ రెండో చెంచాలో మందు మొదటిదానికి రెండింతలు దాటి ఉంది.

ఆ రెండు చెంచాల సంగతి ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సు సుప్రియకు చెప్పింది. సుప్రియ రాస్తున్న రిజిస్టరు పక్కకు నెట్టింది.

"అక్కా, వంద మందు చిక్కటి పాల లాంటిది. నలభై మందు నీళ్లు కలిపిన పాలు. గ్లాసు ఒకటే అయినా బలం ఒకటి కాదు గదా. ఎర్ర మూత సూది నీళ్ల పాలకు. చిక్కటిదానికి నారింజ మూత సూది వేరే ఉంటాది. ఎర్ర సూదితో వంద మందు ఎనిమిది లాగితే లోపలికి పోయేది ఇరవై."

"ఫోను ఎనిమిదే చెప్పింది."

"ఫోను సరిగ్గానే చెప్పిందక్కా. చేతిలో ఏ సూది ఉండాదో దానికి కనపడదు గదా. చూసి ఇయ్యాల్సింది షాపోడు. కంప్లయింట్ రాసిస్తాను, సంతకం పెట్టు."

"రాయి, పెడతాను. అయితే దాన్ని వారం ఆపు," అన్నది కెజియమ్మ. "కాగితానికి వాడు కాగితంతో జవాబు చెప్తాడు. ముందు నాకు వాడి నోట్లోంచి రావాల."

ఆ వారమంతా ఆమె ఎప్పటిలాగే మగ్దలీనమ్మకు సూది వేసింది. ముసలామె ఏమీ అడగకుండా జబ్బ అందించేది. 'నా మొగుణ్ణి మింగినోడి తల్లి చెయ్యి ఇది' అనుకునేది కెజియమ్మ. ఎంత తేలికో! సీసా మారిస్తే చాలు. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఆమె భయపడలేదు. దాన్ని రాతి మీద కత్తిలా రోజూ కాస్త నూరుకుంది.

శనివారం పొద్దున్నే షాపు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. అందులో ఆదెయ్య ఒకడు. ఫోను గంట మోగగానే కెజియమ్మ సంచితో వచ్చింది.

"అత్తా, లోపల చీకటిగా ఉండాది. ఇయ్యాల షాపు ముందర కూర్చుందాం రా."

"పదిమందిలో జబ్బ చూపించమంటావా? ఈ వయసులో నన్నెవరు చూస్తార్లే," అని మగ్దలీనమ్మ కుర్చీలో వచ్చి కూర్చుంది. నిలబడినవాళ్లు నవ్వినారు. గల్లా వెనక ఫ్రెడ్డీ కూడా నవ్వినాడు.

కెజియమ్మ సంచిలోంచి హెబ్రోను సీసా తీసి, గాజు గల్లా మీద, ఫ్రెడ్డీ కళ్ల ముందు పెట్టింది. ఎర్ర మూత తీసి, సూది గుచ్చి, పద్నాలుగు గీతల దాకా లాగింది.

"వదినా, అదేం సీసా?" ఫ్రెడ్డీ నవ్వు ఆగింది.

"మీ అన్న మిగిల్చిపోయినాడు. పారేసేదెందుకని తెచ్చినా. అత్తకు పద్నాలుగు యూనిట్లు. యూనిట్లు యూనిట్లే గదా, ఫ్రెడ్డీ?"

ముసలామె జబ్బ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టింది. సూది మొన చర్మానికి వెంట్రుక దూరంలో ఉంది. బొటనవేలు వెనక మీట మీద ఉంది. ఆ వేలు నొక్కుతుందో నొక్కదో ఆ క్షణంలో కెజియమ్మకే తెలియదు.

"ఆగు! వదినా, ఆగు!" ఫ్రెడ్డీ గల్లా మీదినుంచే దూకబోయినాడు. మందుల డబ్బాలు కింద పడినాయి. "అది వంద మందు! ఎర్ర సూదితో వేస్తే రెండున్నర రెట్లు పోతాది! మా అమ్మ చచ్చిపోతాది!"

నిలబడినవాళ్లందరూ ఫ్రెడ్డీ వైపు తిరిగినారు.

కెజియమ్మ సూది ఎత్తి, మందంతా మట్టిలో చిమ్మేసింది.

"నీకు తెలుసన్నమాట," అన్నది. "మీ అన్న అడిగినప్పుడు తెలీదా? లేక సీసా వెతుక్కుంటా మా ఇంటికొచ్చినప్పుడు తెలిసిందా?"

ఫ్రెడ్డీ కింద పడిన డబ్బా ఒకటి తీసి గల్లా మీద పెట్టినాడు. "నారింజ సూదులు అయిపోయినాయి వదినా... ఆ రోజు తొందరలో ఆలోచించలేదు. మర్నాడు వార్త వినగానే తెలిసింది. భయమేసి..."

"భయమేసి ఫోను మీదికి తోసినావు."

"అంటే ఫోను కాదన్నమాట," అన్నాడు ఆదెయ్య, తన కాలి కట్టు వైపు చూసుకుంటూ. "ఒరే ఫ్రెడ్డీ, నీ మాట విని గదరా నేను దాన్ని తీసేసింది!"

"క్షమించు వదినా. క్షమించమనే గదా ప్రభువు చెప్పినాడు."

"చెప్పింది ఆయన. ఆయన్నే అడుక్కో. రేపు మందిరంలో, మీ అన్న మీద ప్రసంగం చెప్పినచోటే నిలబడి, ఇప్పుడు అరిచినంత గట్టిగా అడుక్కో. సోమవారం సుప్రియ కాగితం కూడా నీకు అందుతాది."

మగ్దలీనమ్మ మసక కళ్లతో కొడుకున్న వైపు చూస్తోంది. జబ్బ ఇంకా అట్లాగే చాపి ఉంది.

"మూడేళ్లు సూది వేసినాడ్రా హెబ్రోను," అన్నది మెల్లగా. "ఒక్కరోజు కూడా నొప్పి తెలీనీలా."

కెజియమ్మ సంచిలోంచి ముసలామె మందు తీసింది, నలభై అని ఉన్నది. దాని పక్కన ఒక ఎర్ర మూత సూది, సుప్రియ దగ్గర తెచ్చుకున్న నారింజ మూత సూది, రెండూ పెట్టింది. ఏది దేనికో చెప్పలేదు. ఫ్రెడ్డీ చెయ్యి ఎర్ర మూత దగ్గరికి పోయి, వెనక్కి వచ్చింది. ఇన్నేళ్లూ వాడు సూదులు అమ్మినాడే గానీ, ఒక్కటీ ఎవరికీ పొడవలేదు.

"వదినా, నా చెయ్యి ఆడదు. ఈ ఒక్క పూటకు నువ్వే..."

ఆమె సంచి మూతి ముడేసింది.

"కెజియా," మగ్దలీనమ్మ పిలిచింది, "మరి నా సూది?"

సంచిలో ఫోను మళ్లీ మోగింది. పిన్నమ్మ సూది. కెజియమ్మ దాన్ని ఆపకుండానే రోడ్డు దాటి ఇంటిదారి పట్టింది.